కాల్చు అనే క్రియ

"సికింద్రాబాదు నగరమందలి సమస్త పౌరులకు తెలియజేయడమేమనగా: ఎండలు ముదిరినందునను, గడ్డియు గాదమును ఎండిపోయినందునను, నేటి నుండి ఆరుబయట ఎవరును, దేనినీ, ఏ కారణముచేతనూ కాల్చరాదు. ఉల్లంఘించిన వారి కాల్చు సాధనములు స్వాధీనపరచుకొనబడును."

మార్చి నెల మూడో సోమవారం ఈ ప్రకటన వెలువడింది. దీన్ని రచించినవారు ఆరుబయట మంటల నివారణ విభాగపు ప్రత్యేకాధికారి నరసరాజు గారు. జారీ చేసినవారు అనకుండా రచించినవారు అనడానికి కారణం ఉంది. పైనుంచి వచ్చిన ఇంగ్లీషు సర్క్యులర్ నాలుగు పేజీలు. గాలి వేగం, నీళ్ల డ్రమ్ములు, కుప్పకూ ఇంటికీ మధ్య ఉండవలసిన దూరం, ఎండుగడ్డి కోయించవలసిన బాధ్యత వగైరా అప్రధాన విషయాలతో అది నిండిపోయి ఉంది. నరసరాజు గారు తెలుగులో ఎం.ఏ. ఆ నాలుగు పేజీలనూ మూడు రోజుల పాటు వడకట్టి, చివరికి ఒకే ఒక్క క్రియాపదాన్ని తేల్చారు. కాల్చు.

"శాసనానికి ఒక్క క్రియ చాలు" అన్నారాయన, తన జూనియర్ అసిస్టెంటు కల్పలతతో. "రెండో క్రియ చేరిందా, వెనకే లాయర్లు చేరతారు."

"మరి గడ్డి కోయించే సంగతి సార్? మూడో పేజీల ఉన్నది కద."

"అది కర్మ. క్రియ దొరికాక ఇక కర్మతో పనేమిటమ్మా?"

కల్పలతకు వ్యాకరణం రాదు. అందుచేత ఊరుకుంది.

నరసరాజు గారు పందొమ్మిదేళ్లు టపా సెక్షనులో కవర్ల మీద అడ్రసులు రాసి, ఈ వేసవికి ప్రత్యేకాధికారి అయ్యారు. వేసవి ముగిసే వరకే ఆ పదవి. గది, జీపు, బల్ల మీద ఇత్తడి నేమ్‌ప్లేటు కూడా వేసవి ముగిసే వరకే. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనేవారు కాదు. నేమ్‌ప్లేటును మాత్రం రోజుకు రెండుసార్లు జేబురుమాలుతో తుడిచేవారు.

ఈ మహత్తర శాసనానికి ప్రేరణ ఒక అర్జీ అని చరిత్రకారులు గుర్తించాలి. మెట్టుగూడలో ఒక బస్తీ, బస్తీకి ఆనుకుని ఒక పిట్టగోడ, గోడ అవతల ఒక ఖాళీ మైదానం ఉన్నాయి. మైదానంలో నడుము ఎత్తు గడ్డి పెరిగి, ఎండి, అప్పడంలా చిటపటలాడుతోంది. మైదానం మూలన వేపచెట్టు కింద బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసే బాలమ్మ, ఆ గడ్డి తీయించమని మూడుసార్లు అర్జీ పెట్టింది. మూడో అర్జీని నరసరాజు గారు శ్రద్ధగా చదివారు. ఎర్ర సిరాతో ఏడు అక్షరదోషాలు దిద్దారు.

"గడ్డి తనంత తాను ఎవరినీ ఏమీ అనదు" అన్నారు. "దోషం నిప్పుది. నిప్పును ఆపితే గడ్డి ఎంత ఎండితే మనకేం?"

ఆ విధంగా గడ్డి నిర్దోషిగా విడుదలైంది.

మంగళవారం ఉదయం శాసనం అమలుకు జీపు బయలుదేరింది. ముందు సీట్లో నరసరాజు గారు, వెనుక కల్పలత. ఆమె ఒడిలో స్వాధీన పత్రాల పుస్తకం ఉంది.

మోండా మార్కెట్ వెనుక సందులో కొబ్బరి పీచూ అరటాకులూ కలిసిన కుప్ప ఒకటి నల్లగా పొగ కక్కుతోంది. పక్కనే కుర్చీ వేసుకుని ఒక వ్యాపారి చాయ్ తాగుతున్నాడు.

"ఎవరు కాల్చారయ్యా దీన్ని?"

"కాల్చుడేంది సార్? అదే అంటుకున్నది."

నరసరాజు గారు తల పంకించారు. "అంటుకొను. అకర్మకం" అని కల్పలతకు వివరించారు. "ఇందులో నిందితుడు ఉండడు."

జీపు కదిలింది. స్టేషను దగ్గర ఎండిన చెత్తకుండీకి ఆనుకుని ఒకాయన సిగరెట్ పట్టుకున్నాడు. అడిగితే "తాగుతున్న సార్" అన్నాడు. నిజమే. తాగుతున్నానన్నవాణ్ణి కాలుస్తున్నావనడానికి శాసనంలో వీలు లేదు. చిలకలగూడ ఫంక్షన్‌హాలు ముందు పెళ్లివారు వెయ్యి టపాకాయల మాల పరిచి ఉన్నారు. "పేలుస్తం సార్, గంతే" అన్నారు. ఒక కొత్త దుకాణం ముందు గుమ్మడికాయ మీద కర్పూరం భగభగ మండుతోంది. యజమాని దిష్టి తీస్తున్నాడు, తీయడమంటే తీయడమే. ఇంకో ఇంటి ముందు షామియానా కింద హోమం వేలుస్తున్నారు. వేల్చు అనే ధాతువు వినగానే నరసరాజు గారు చెప్పులు విడిచి, ప్రసాదం పుచ్చుకుని వచ్చారు.

చౌరస్తాలో మాత్రం కాసేపు ఆగవలసి వచ్చింది. వార్డు నాయకుడు తిరుమల్ అక్కడ ఎవరిదో దిష్టిబొమ్మకు కిరోసిన్ పోస్తున్నాడు. తెల్ల అంగీ, తెల్ల ప్యాంటు. ఎక్కడా ఒక్క ముడత లేదు.

"తిరుమల్ గారూ, శాసనం చూశారా? ఆరుబయట కాల్చరాదు."

"అయ్యో సార్, చదివిన. రెండుసార్లు చదివిన. మేం కాల్చుడు లేదు. తగలబెడ్తున్నం."

నరసరాజు గారు కళ్లు మూసుకున్నారు. ఆ పదాన్ని మనసులో రెండు ముక్కలు చేశారు. తగులు. పెట్టు. రెండింటిలోనూ కాల్చు లేదు.

"కానివ్వండి" అన్నారు.

"సార్ అంటే గిట్లుండాలె" అన్నాడు తిరుమల్, అగ్గిపుల్ల గీస్తూ.

ఇలా మిట్టమధ్యాహ్నం దాకా తిరిగినా, అంత పెద్ద సికింద్రాబాదులో కాల్చేవాడు ఒక్కడూ దొరకలేదు. ప్రజల్లో ఇంతటి చైతన్యాన్ని చూసి నరసరాజు గారు ఒకపక్క పులకించారు. ఇంకోపక్క, స్వాధీన పత్రాల పుస్తకం మొదటి పేజీ కూడా విప్పలేదే అని దిగులు పడ్డారు. ఆ దిగులుతోనే జీపు మెట్టుగూడ వేపచెట్టు కింద ఆగింది.

బాలమ్మ అప్పుడే బల్ల మీద దుప్పటి సర్దుకుంటోంది. బల్ల చివర ఇత్తడి ఇస్త్రీ పెట్టె మూత తెరుచుకుని ఉంది. వాళ్ల అత్త చేతి నుంచి వచ్చిన పెట్టె. పట్టుకుని పట్టుకుని కర్ర పిడి నల్లగా నిగనిగలాడుతోంది. పెట్టె ఖాళీ.

"పెట్టె కాలిందా?" అన్నారు నరసరాజు గారు.

"యాడ కాలింది సార్, ఇంక బొగ్గులే ఎయ్యలే. మీ అంగీ ఇస్తరా? జర కూసోండ్రి. పది నిమిషాల్ల కాలుతది."

కల్పలత వెనుక నుంచి గట్టిగా దగ్గింది. బాలమ్మకు ఆ దగ్గు అర్థం కాలేదు.

"కాలుతుంది అన్నావు కదూ?"

"కాలక? కాలకపోతే ఇస్త్రీ ఎట్లయితది?"

"మరి దాన్ని కాల్చేది ఎవరు?"

"నేనే సార్. ఇంకెవరు కాలుస్తరు, సచ్చిపోయిన మా అత్తొచ్చి కాలుస్తదా?"

నరసరాజు గారు జీపు దిగారు. కర్త దొరికింది, కర్మ దొరికింది, క్రియ నిందితురాలి నోటి నుంచే వచ్చింది. పందొమ్మిదేళ్ల సర్వీసులో ఇంత పరిపూర్ణమైన వాక్యం ఆయనకు ఎదురుపడలేదు. "కల్పలతా, రాసుకోండి" అన్నారు.

పెట్టె జీపెక్కింది. బాలమ్మ జీపు వెనుక చౌరస్తా దాకా పరిగెత్తింది.

మర్నాడు ఆమె ఆఫీసుకు వచ్చింది.

"సార్, నలభై ఇండ్ల బట్టలున్నయి నా తాన. ఆ పెట్టె లేకపోతే నా ఇంట్ల పొయ్యి రాజదు."

"పొయ్యి కూడా ఉందా?"

"ఇంట్ల సార్. లోపట."

"లోపలైతే మన పరిధి కాదు. చెప్పు."

"ఏం చెప్పాలె సార్? గడ్డి తీయమని కాయిదం పెడితే మీరొచ్చి నా పెట్టె తీస్కపోయిండ్రు. సిగరెట్ తాగెటోనికి తప్పు లేదు. టపాకులు పేల్చెటోనికి తప్పు లేదు. నాది ఒక్కటే కాలుతదా?"

"అది నేను అన్నమాట కాదమ్మా. నీ వాంగ్మూలం."

"అయితే గిప్పుడు ఇంకో మాట చెప్తున్న, రాస్కోండ్రి. నేను కాల్చ. ఎచ్చగ జేస్త."

నరసరాజు గారు ముగ్ధులయ్యారు. ఆ మాట మంగళవారమే అని ఉంటే ఈ కేసే లేదు. "ఒకసారి నమోదైన క్రియను మార్చే అధికారం నాకు లేదు" అన్నారు విచారంగా. "పైకి రాస్తాను. అంతవరకు కరెంటు పెట్టె కొనుక్కో."

"చెట్టుకు ప్లగ్గు ఉంటదా సార్?"

ఆ ప్రశ్న కూడా పైకి రాస్తామన్నారు.

పెట్టె స్టోరుకు చేరిన నాలుగో రోజుకు వార్డు రాజకీయాల్లో ఒక విచిత్ర పరిణామం సంభవించింది. నాయకులంతా ముడతలు పడ్డారు. అందరి తెల్లబట్టలూ బాలమ్మ చేతి మీదుగానే వెళతాయని అంతవరకు ఎవరూ గమనించలేదు. తిరుమల్ ఆఫీసుకు వచ్చినప్పుడు కల్పలత అతన్ని పోల్చుకోలేక అర్జీదార్ల బెంచీ చూపించింది.

"ఇజ్జత్ పోతున్నది సార్" అన్నాడు తిరుమల్. "గీ అంగీ ఏస్కొని బాధితులను ఓదార్చనీకి పోతే, నన్నే బాధితుడనుకొని చేతిల పులిహోర పొట్లం పెట్టిండ్రు. సరే, అది తర్వాత. పెద్ద ఖబర్ తెచ్చిన. మంత్రిగారు వస్తున్నరు. అగ్నిభద్రతా వారోత్సవం షురూ చేస్తరు, మన వార్డులనే. మెట్టుగూడ మైదానంల."

"సార్, ఆడ గడ్డి నడుము దాకా ఉన్నది" అంది కల్పలత.

"నడుమల స్టేజీ మందం తొక్కిస్తం మేడం. సుట్టూ ఉంటే సుత మంచిదే, టీవీల పచ్చిక లెక్క కనవడ్తది."

"ఎండిపోయి పచ్చగా లేదు కదండి."

"పసుప్పచ్చగుంది కద!"

నరసరాజు గారు కార్యక్రమం వివరాలు అడిగారు. మొదట జ్యోతి ప్రజ్వలనం. అది వెలిగించడం కాబట్టి ఆక్షేపణ లేదు. స్వాగతానికి పదివేల టపాకాయల మాల పేల్చడం. ఆక్షేపణ లేదు. ముఖ్య ఘట్టంగా, అగ్నిప్రమాదాలకు పన్నెండడుగుల దిష్టిబొమ్మ కట్టించి, మంత్రిగారి చేతుల మీదుగా దానికి నిప్పు పెట్టించడం.

ఇక్కడ మాత్రం నరసరాజు గారు చేయెత్తారు. "నిప్పు పెట్టడం అనొద్దు. ప్రభుత్వ కార్యక్రమంలో ఆ పదం అనుచితం. బొమ్మకు దావానలాసురుడు అని పేరు పెడదాం. మంత్రిగారు చేసేది సంహారం."

తిరుమల్ లేచి రెండు చేతులూ జోడించాడు. ఆహ్వానపత్రిక మీద 'దావానలాసుర సంహారము' అని బంగారు రంగు అక్షరాల్లో వచ్చింది. అన్నీ కలిపి రాసిన అనుమతిపత్రంలో కాల్చు అనే క్రియ ఎక్కడా లేదని నరసరాజు గారు మూడుసార్లు సరిచూసుకున్నారు.

గురువారం పదకొండు గంటలకు ఎండ నెత్తిన సమ్మెటతో కొడుతున్నట్టుంది. వడగాలి బస్తీ వైపు వీస్తోంది. మైదానం వాకిట్లో మంత్రిగారి బొమ్మతో పెద్ద స్వాగత కమాను నిలబెట్టారు. ఫైరింజను డ్రైవరు షంషీర్ దాని ముందు బండి ఆపి కిందికి దిగాడు.

"సాబ్, గీ కమాన్ కింద మన బండి పట్టది. తీపియ్యుండ్రి."

"మంత్రిగారి ముఖాన్ని తీసేయమంటున్నావా?" అన్నారు నరసరాజు గారు.

షంషీర్ పైకి చూశాడు. మంత్రిగారు పది అడుగుల ఎత్తు నుంచి నవ్వుతున్నారు. "నై సాబ్" అని బండిని రోడ్డు మీదే పెట్టుకున్నాడు.

జ్యోతి వెలిగింది. టపాకాయలు పేలాయి. మంత్రిగారు ఎండాకాలంలో నిప్పుతో జాగ్రత్త గురించి పదిహేను నిమిషాలు ఉద్బోధించి, కాగడా అందుకుని, దావానలాసురుణ్ణి సంహరించారు. చప్పట్లు మార్మోగాయి. అసురుడు ఎడమ కాలు మడిచి ఒక పక్కకు ఒరిగాడు. ఆ పక్కన గడ్డి ఉంది.

అంటుకుంది.

ఆ తర్వాత జరిగినదాన్ని నరసరాజు గారు తన నివేదికలో 'ప్రజాభాగస్వామ్యం' అనే శీర్షిక కింద రాశారు. బస్తీ ఆడవాళ్లు తడిపిన గోనెసంచులతో గోడ దూకారు. అందరికంటే ముందు బాలమ్మ ఉంది. "ఏందే సూస్తున్నరు, కొట్టుండ్రి! గోడ దాటితే మన ఇండ్లే!" అని అరుస్తూ, మంటను గోనెసంచితో కసిగా బాదింది. కరెంటువాళ్లు ముందుజాగ్రత్తగా ఏరియా మొత్తం లైను తీసేశారు. షంషీర్ కమాను కింద నుంచి గొట్టం లాగి, కళ్లలో పొగ పడుతుండగా నీళ్లు వదిలాడు. మొదటి ధార సూటిగా వేదిక మీదికి వెళ్లింది.

అరగంటలో అంతా ముగిసింది. గుడిసె ఒక్కటీ పోలేదు, మనిషి ఒక్కడికీ దెబ్బ తగల్లేదు. మైదానం మాత్రం పలకలా నల్లగా, శుభ్రంగా మిగిలింది. నరసరాజు గారు అక్కడికక్కడే ఫైలు తెప్పించి, బాలమ్మ మూడో అర్జీ మీద ఎర్ర సిరాతో రాశారు: 'అర్జీదారు కోరిన ప్రకారము గడ్డి సమూలముగా తొలగించబడినది. అర్జీ ముగించడమైనది.'

అంతలో పెద్ద ఉపద్రవం వచ్చిపడింది. ముప్పావుగంటలో మంత్రిగారు ఆ మైదానం నుంచే టీవీలో ప్రత్యక్షంగా మాట్లాడాలి. ఆయనేమో నిలువునా తడిసి ఉన్నారు. కారులో ఇంకో జత ఉంది గానీ, అది సంచి అడుగున ఉండచుట్టుకుపోయి ఉంది.

"ఇస్త్రీ!" అన్నారు మంత్రిగారు. ఆ రోజు ఆయన ఉద్బోధించిన వాటిలో అదొక్కటే స్పష్టంగా వినిపించింది.

"కరెంటు లేద్సార్" అన్నాడు తిరుమల్.

అందరి చూపులూ వేపచెట్టు కింద మొహం కడుక్కుంటున్న బాలమ్మ మీదికి మళ్లాయి.

"నా దిక్కు సూస్తరేంది?" అందామె. "పెట్టె సార్ తాన ఉన్నది."

కల్పలత ఎవరూ చెప్పకుండానే జీపెక్కింది. పన్నెండు నిమిషాల్లో పెట్టె వచ్చింది. నరసరాజు గారు జీపు బానెట్ మీదే 'ప్రజాప్రయోజనార్థం తాత్కాలిక విడుదల' అని ఉత్తర్వు రాశారు. బొగ్గుల కోసం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. దావానలాసురుడి వెదురు ఎముకలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. బాలమ్మ పట్టకారుతో వాటిని ఏరి పెట్టెలో నింపింది.

"ఊదుండ్రి సార్" అంది.

"నేనా?"

"నా నోట్ల పొగ నిండింది. జర మీరు ఊదుండ్రి, లేకపోతే కాల... ఎచ్చగ కాదు."

నరసరాజు గారు వంగి ఊదారు. చాలకపోతే, మిగిలిపోయిన శాసనం కరపత్రాలు మడిచి విసిరారు. పెట్టె వేడెక్కింది. మంత్రిగారు మల్లెపువ్వులా తయారై, నల్లటి మైదానానికి వీపు తిప్పి నిలబడి, ఈ వార్డులో ఇక మీదట గడ్డి అంటుకునే ప్రసక్తే లేదని దేశానికి హామీ ఇచ్చారు. అది అక్షరాలా నిజం.

కార్లు వెళ్లిపోయాక నరసరాజు గారు గొంతు సవరించుకున్నారు. "బాలమ్మా, పెట్టె ఇవ్వు. స్టోరుకు తిరిగి వెళ్లాలి."

బాలమ్మ ఏదో అనబోయింది. కల్పలత అడ్డుపడింది. "వేడి వస్తువును కాగితాలున్న గదిల పెట్టొద్దు సార్. సర్క్యులర్ల ఉన్నది. రెండో పేజీ."

నరసరాజు గారు ఆ పేజీ తెప్పించి చదివారు. ఉంది. "సరే, చల్లారే వరకు ఆగుదాం" అని బాలమ్మ స్టూలు మీద కూర్చున్నారు.

బాలమ్మ కల్పలత వంక ఒకసారి చూసింది. పెట్టె మూత తీసి మరో నాలుగు బొగ్గులు వేసింది. "ఊకెనే కూసునుడెందుకు సార్, నలభై ఇండ్ల బట్టలున్నయి" అంది.

ఆ రోజు పెట్టె చల్లారలేదు. మర్నాడూ చల్లారలేదు. నరసరాజు గారు ప్రతి శుక్రవారమూ పైకి నివేదిక పంపారు: 'సాధనము ఇంకనూ వేడిగానే ఉన్నది.' పైవారికి ఇది ఆందోళన కలిగించింది. అంత మొండి వేడిని పర్యవేక్షణ లేకుండా వదలరాదని వారు జూన్ మొదట్లో ఒక ఉత్తర్వు ఇచ్చారు. వేసవి ముగిసినప్పటికీ, సదరు పెట్టె చల్లారి స్టోరుకు చేరునంతవరకు ప్రత్యేకాధికారి పదవి కొనసాగును. ఆ మరుక్షణం రద్దగును.

ఉత్తర్వు అందిన రోజు సాయంత్రమే తొలకరి పడింది. ఈదురుగాలికి బాలమ్మ బల్ల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా ఎగిరిపోయి, బొగ్గుల బస్తా, బల్ల, పెట్టె అన్నీ తడిసి ముద్దయ్యాయి. వాన వెలిశాక నరసరాజు గారు గొడుగు పట్టుకుని జీపు దిగారు. వెనుక కల్పలత పుస్తకంతో నిలబడింది.

బాలమ్మ పెట్టెను కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. దాని మీద నుంచి చేయి తీయడానికి కాస్త సమయం పట్టింది.

"చల్లారింది సార్" అంది, ఆయన మొహం చూడకుండా. "బొగ్గులన్ని నానినయి. ఇగ నేనేం అబద్ధం ఆడ. తీస్కపోండ్రి."

పెట్టె మూత మీద వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. నరసరాజు గారు గొడుగు ముడిచి కల్పలతకు ఇచ్చారు. ముందుకు వంగి, చూపుడు వేలు చాచి, చల్లటి ఇత్తడికి ఆనించారు.

"అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకున్నారు.